ఉపయోగితావాద నీతి - రూపభేదాలు: లెక్క ఎవరిది?

వ్యాస సంగ్రహం

ఒక చర్య మంచిదా చెడ్డదా అన్నది దాని ఫలితాన్ని బట్టి, ఆ ఫలితం వల్ల కలిగే సుఖదుఃఖాలను బట్టి నిర్ణయించాలని చెప్పే సిద్ధాంతం ఉపయోగితావాదం. 18వ శతాబ్దపు ఇంగ్లండులో శాస్త్రరూపం పొందిన ఈ సిద్ధాంతం తరువాతి రెండు శతాబ్దాలలో పలు రూపాలు ధరించింది. ఏ రూపం ఏ ఆక్షేపణకు సమాధానంగా పుట్టిందో ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. దేనిని లెక్కించాలి, ఆ లెక్కను దేనికి వర్తింపజేయాలి అన్న రెండు ప్రశ్నలే ఈ రూపభేదాలకు మూలమని, లెక్కించే అధికారం ఎవరిది అన్న మూడో ప్రశ్న చాలాకాలం మరుగున ఉండిపోయిందని ప్రతిపాదిస్తుంది. ఈ మూడో ప్రశ్నకు 1876-78 నాటి ధాత కరువును, గురజాడ 'కన్యాశుల్కం' నాటకాన్ని నిదర్శనాలుగా స్వీకరిస్తుంది.

కీలక పదాలు: ఉపయోగితావాదం, సుఖవాదం, హితం, బెంథామ్, మిల్, సిడ్జ్‌విక్, ధాత కరువు, కన్యాశుల్కం.

1. ప్రవేశిక

1829లో, మరణానికి మూడేళ్ల ముందు, జెరెమీ బెంథామ్ తన పేరుతో లోకం చెప్పుకుంటున్న నినాదాన్ని తానే సవరించుకున్నాడు. 'అత్యధిక సంఖ్యాకుల అత్యధిక సుఖం' అన్న సూత్రంలో మొదటి భాగం ప్రమాదకరమని ఆయనకు తోచింది. ఒక సమాజంలో 2001 మంది ఒకవైపు, 2000 మంది మరొకవైపు ఉన్నారనుకుందాం. సంఖ్యలో ఒక్కరు ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఆ పక్షం రెండో పక్షాన్ని బానిసత్వంలోకి నెట్టవచ్చునా? అలా చేస్తే సమాజపు మొత్తం సుఖం పెరగదు, తరుగుతుంది అన్నది బెంథామ్ సమాధానం. అందువల్ల చివరి దశలో ఆయన 'అత్యధిక సుఖం' అన్న మాటతోనే సరిపెట్టుకున్నాడు.

తెలుగులో ఈ సిద్ధాంత పరిచయం సాధారణంగా ఆ పాత నినాదంతోనే మొదలై దానితోనే ముగుస్తుంది. కర్త స్వయంగా విడిచిపెట్టిన మాట అనుయాయుల నోట, విమర్శకుల నోట నిలిచిపోవడం భావచరిత్రలో అరుదు కాదు. అయితే ఇక్కడ పోయినది ఒక్క పదం కాదు. ఉపయోగితావాదం ఏకశిల కాదనే గ్రహింపు. ఆ సిద్ధాంతం పుట్టిన నాటి నుంచి తనలోని లోపాన్ని తానే పట్టుకుంటూ, ఒక్కో లోపాన్ని దిద్దుకునే ప్రయత్నంలో ఒక్కో కొత్త రూపం తాల్చింది. ఆ రూపాల పరిణామాన్ని, అది తెలుగు నేలను తాకిన సందర్భాలను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పదం - పరిభాష

ఈ సిద్ధాంతానికి తెలుగులో ఉపయోగితావాదం, ప్రయోజనవాదం అన్న రెండు పేర్లు వాడుకలో ఉన్నాయి. రెండూ పూర్తిగా ఒదిగే పదాలు కావు. 'ప్రయోజనం' అలంకారశాస్త్రం నుంచి సాహిత్య విద్యార్థికి సుపరిచితమైన మాట. కావ్యప్రయోజనాలను మమ్మటుడు ఆరుగా విభజించాడు. అక్కడ ప్రయోజనమంటే కర్తగానీ పాఠకుడుగానీ పొందే ఫలం. బెంథామ్ చెప్పినది ఎవరో ఒకరు పొందే ఫలం కాదు, అందరి ఫలాల మొత్తం. 'ఉపయోగం' అనగానే పనిముట్టు గుర్తుకు వస్తుంది. సిద్ధాంతం కేవలం లౌకిక లాభదృష్టి అన్న అపోహకు ఆ పదం తావిస్తుంది. అయినప్పటికీ తత్త్వశాస్త్ర రచనలలో స్థిరపడినందువల్ల ఈ వ్యాసంలో 'ఉపయోగితావాదం' అన్న మాటే గ్రహించబడింది.

మరొక సామ్యాన్ని కూడా జాగ్రత్తగా చూడాలి. బౌద్ధ వాఙ్మయంలోని బహుజన హితం, బహుజన సుఖం అన్న భావనను బెంథామ్ సూత్రానికి పూర్వరూపంగా చెప్పడం పరిపాటి. పోలిక పైకి కనిపించేంత దగ్గరిది కాదు. బుద్ధుడు భిక్షువులను లోకం మీదికి పంపిన సందర్భంలో ఆ భావన కరుణకు సంబంధించినది. అక్కడ ఒకరి దుఃఖాన్ని మరొకరి సుఖంతో భర్తీ చేసే కూడికలు, తీసివేతలు లేవు. హితానికీ సుఖానికీ రెండు వేర్వేరు పదాలున్నాయి. కఠోపనిషత్తు శ్రేయస్సునూ ప్రేయస్సునూ వేరు చేసింది. కావ్యానికి విశ్వశ్రేయస్సే లక్ష్యమని 'ఆంధ్రశబ్దచింతామణి' సూత్రీకరించింది. మన సంప్రదాయం రెండుగా చూసిన హితాన్నీ సుఖాన్నీ బెంథామ్ ఒకటిగా కలిపాడు. తరువాతి ఉపయోగితావాద చరిత్రలో చాలా భాగం ఆ రెంటినీ మళ్లీ విడదీయడానికి జరిగిన ప్రయత్నమే.

3. బెంథామ్‌కు పూర్వం

సర్వజన సుఖమే నీతికి కొలమానమన్న ఆలోచన బెంథామ్ కల్పన కాదు. స్కాట్లండు తాత్త్వికుడు ఫ్రాన్సిస్ హచిసన్ 1725లోనే అత్యధికుల అత్యధిక సుఖాన్ని సాధించే చర్య ఉత్తమమని చెప్పాడు. డేవిడ్ హ్యూమ్ 1751లో సద్గుణాలను మనం మెచ్చుకోవడానికి వాటి ఉపయోగిత ముఖ్య కారణమని విశ్లేషించాడు. ఫ్రాన్సులో హెల్వేషియస్ 1758లో, ఇటలీలో బెకారియా 1764లో ఈ దృష్టిని శాసన నిర్మాణానికి, శిక్షా విధానానికి అన్వయించారు.

సిద్ధాంతంలోని చీలికలు కూడా ఈ దశలోనే కనిపిస్తాయి. 1785లో విలియం పేలీ ప్రచురించిన నీతిశాస్త్ర గ్రంథం దైవాన్ని కేంద్రంగా చేసుకుంది. జీవులు సుఖంగా ఉండాలన్నది ఈశ్వర సంకల్పం. కనుక సుఖాన్ని పెంచే నడవడి దైవాజ్ఞ అన్నది పేలీ తర్కం. కేంబ్రిడ్జిలో చాలాకాలం పాఠ్యగ్రంథంగా ఉన్నది ఈ ఆస్తిక ఉపయోగితావాదమే. దీనికి పూర్తిగా భిన్నమైన కొనను 1793లో విలియం గాడ్విన్ తాకాడు. కాలిపోతున్న ఇంట్లో ఆర్చిబిషప్ ఫెనెలాన్, ఒక పరిచారిక చిక్కుకున్నారు, ఒక్కరినే కాపాడగలం. ఆ పరిచారిక మన తల్లి అయినా, లోకానికి ఎక్కువ మేలు చేయగల ఫెనెలాన్‌నే కాపాడాలని గాడ్విన్ తీర్పు. తీవ్ర విమర్శలు వచ్చాక, తరువాతి కూర్పులలో పరిచారిక స్థానంలో పరిచారకుణ్ణి, తల్లి స్థానంలో తండ్రిని పెట్టాడు గాని తర్కాన్ని మార్చలేదు. నిష్పక్షపాతం ఎంతవరకు వెళ్లాలి అన్న ప్రశ్న నాటి నుంచి నేటివరకు ఈ సిద్ధాంతాన్ని వెంటాడుతూనే ఉంది.

4. బెంథామ్: పరిమాణమే ప్రమాణం

1780లో ముద్రణ పొంది 1789లో వెలువడిన నీతి, శాసన సూత్రాల గ్రంథంలో బెంథామ్ (1748-1832) సుఖాన్ని కొలిచే పద్ధతిని ప్రతిపాదించాడు. తీవ్రత, వ్యవధి, నిశ్చయత, సామీప్యం, మరిన్ని సుఖాలకు దారితీసే గుణం, దుఃఖంతో కలియని శుద్ధత, ఎంతమందికి అందుతుందన్న వ్యాప్తి - ఈ ఏడు అంశాలు ఆ కొలతకు ఆధారాలు. సుఖాల మధ్య జాతిభేదం లేదు, ఉన్నది పరిమాణభేదమే. దీనినే పరిమాణాత్మక ఉపయోగితావాదం అంటారు.

ఈ లెక్కలోని విప్లవాత్మకతను నేటి పాఠకుడు తేలికగా విస్మరించవచ్చు. రాజు సుఖానికీ కూలివాని సుఖానికీ ఒకే విలువ కట్టడం కులీన సమాజానికి మింగుడుపడని మాట. బాధపడగలగడమే ప్రమాణమైతే జంతువులను ఎందుకు వదిలివేయాలని అదే గ్రంథంలోని ఒక పాదసూచికలో బెంథామ్ ప్రశ్నించాడు. స్వలింగ సంపర్కం ఎవరికీ హాని చేయనప్పుడు అది శిక్షార్హం కాదని వాదిస్తూ 1785 ప్రాంతంలో రాసుకున్న ప్రతి 1978 దాకా అచ్చు కాలేదు. ఆచారం ముందు తలవంచని ఈ తెగువ పరిమాణవాదం ఇచ్చిన బలం.

దాని బలహీనత కూడా అక్కడే ఉంది. ఒకే మనిషిలోని రెండు సుఖాలను పోల్చడమే కష్టమైనప్పుడు, ఇద్దరు మనుషుల సుఖాలను ఏ త్రాసులో తూచాలి? త్రాసు పట్టుకునేది ఎవరు? బెంథామ్ దృష్టిలో ఆ వ్యక్తి శాసనకర్త. 1791లో ప్రచురించిన 'పానాప్టికాన్' కారాగార నమూనాలో ఒక్క పర్యవేక్షకుడు మధ్య గోపురం నుంచి ఖైదీలందరినీ చూడగలడు; ఖైదీలకు అతడు కనిపించడు. లెక్కించేవాడికీ లెక్కలోకి వచ్చేవాడికీ మధ్యనున్న దూరానికి అంతకు మించిన ప్రతీక ఆ యుగంలో దొరకదు.

5. జాన్ స్టూవర్ట్ మిల్: గుణభేదం

జేమ్స్ మిల్ (1773-1836) బెంథామ్‌కు ఆప్తుడు. భారతదేశాన్ని ఎన్నడూ చూడకుండా, ఇక్కడి భాష ఒక్కటీ నేర్వకుండా 1817లో బ్రిటిష్ ఇండియా చరిత్ర రాసి, ఉపయోగితను కొలబద్దగా పెట్టి ఈ దేశ నాగరికతకు తక్కువ స్థానం కేటాయించాడు. ఆ గ్రంథం తెచ్చిన పేరుతో 1819లో లండనులోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలో ఉద్యోగి అయ్యాడు. ఆయన కుమారుడు జాన్ స్టూవర్ట్ మిల్ (1806-1873) 1823లో అదే కార్యాలయంలో చేరి, 1858లో కంపెనీ పాలన ముగిసేవరకు పనిచేశాడు.

తండ్రి శిక్షణలో బెంథామ్ సూత్రాలను వంటబట్టించుకున్న మిల్, 1826లో తీవ్రమైన మానసిక సంక్షోభానికి లోనయ్యాడు. తాను కోరిన సంస్కరణలన్నీ నెరవేరినా తనకు సుఖం కలగదని గ్రహించడమే ఆ సంక్షోభానికి మూలం. కవిత్వ పఠనం, ముఖ్యంగా వర్డ్స్‌వర్త్ కవిత్వం, ఆయనను కోలుకునేలా చేసింది. సాహిత్యం ఒక నైతిక సిద్ధాంతాన్ని మలుపు తిప్పిన సందర్భంగా దీనిని గుర్తించవచ్చు. 1861లో పత్రికలో, 1863లో పుస్తకంగా వెలువడిన రచనలో మిల్ సుఖాలలో ఉన్నతం, నిమ్నం అనే గుణభేదం ఉన్నదని ప్రతిపాదించాడు. రెండు రకాల సుఖాలనూ అనుభవించినవారు దేనిని ఎంచుకుంటారో అదే ఉన్నతం. ఇది గుణాత్మక ఉపయోగితావాదం.

ఈ సవరణతో సిద్ధాంతానికి గౌరవం పెరిగింది, కొత్త చిక్కు వచ్చింది. రెండింటినీ అనుభవించిన అర్హుడైన న్యాయనిర్ణేత ఎవరు? సహజంగానే విద్యావంతుడు. 1861లోనే ప్రాతినిధ్య ప్రభుత్వంపై రాసిన గ్రంథంలో విద్యావంతులకు ఒకటికి మించిన ఓట్లు ఉండవచ్చునని మిల్ వాదించాడు. 1859 నాటి స్వేచ్ఛాగ్రంథంలో, పిల్లలకు వర్తించనట్టే 'వెనుకబడిన దశలో' ఉన్న సమాజాలకూ స్వేచ్ఛాసూత్రం వర్తించదని మినహాయించాడు. అదే మిల్ 1869లో స్త్రీల పరాధీనతపై రాస్తూ, లోబడి ఉండడమే తమ స్వభావమని స్త్రీలు నమ్మేటట్టు వారిని పెంచుతున్నారని, ఆ పెంపకం నుంచి పుట్టిన అంగీకారాన్ని అంగీకారంగా లెక్కించరాదని చూపాడు. ఇంట్లోని అధికారాన్ని అంత నిశితంగా చూసిన కన్ను, సామ్రాజ్యంలోని అధికారాన్ని ఆ విధంగా చూడలేదు.

6. సిడ్జ్‌విక్, మూర్: రహస్యం, ఆదర్శం

హెన్రీ సిడ్జ్‌విక్ (1838-1900) 1874లో ప్రచురించిన నీతిశాస్త్ర పద్ధతుల గ్రంథం ఈ సంప్రదాయంలో అత్యంత శ్రద్ధగల రచన. జనాభా పెరిగితే మొత్తం సుఖం పెరిగి సగటు సుఖం తగ్గవచ్చు. అప్పుడు దేనిని ఎంచుకోవాలి అన్న ప్రశ్నను స్పష్టంగా లేవనెత్తి, మొత్తం వైపు మొగ్గినవాడు ఆయన. మొత్తం ఉపయోగితావాదం, సగటు ఉపయోగితావాదం అన్న విభజనకు మూలం అక్కడ ఉంది. మొత్తాన్నే ప్రమాణంగా పట్టుకుంటే, అతి స్వల్ప సుఖంతో బతికే అసంఖ్యాక జనం ఉన్న లోకమే మేలైనదని ఒప్పుకోవలసి వస్తుందని 1984లో డెరెక్ పార్ఫిట్ చూపాడు.

సిడ్జ్‌విక్ మరొక అడుగు వేశాడు. బహిరంగంగా బోధిస్తే హాని చేసే చర్య రహస్యంగా చేస్తే మేలు చేయవచ్చు. అలాంటప్పుడు అది ఉచితమే. ఆ సంగతిని కూడా సామాన్యులకు తెలియనివ్వకపోవడం మంచిది - తర్కం తనను తీసుకువెళ్లిన చోటును ఆయన దాచలేదు. జ్ఞానులకు ఒక నీతి, జనానికి మరొక నీతి అన్న ఈ స్థితిని బెర్నార్డ్ విలియమ్స్ తరువాతి కాలంలో 'గవర్నమెంట్ హౌస్ ఉపయోగితావాదం' అని ఎత్తిపొడిచాడు. వలస పాలకుని బంగళా ఆ పేరులో కనిపించడం యాదృచ్ఛికం కాదు.

1903లో జి.ఇ. మూర్ సుఖమొక్కటే స్వతస్సిద్ధమైన మేలు కాదని, సౌందర్యానుభవం, మానవ స్నేహం కూడా స్వతస్సిద్ధమైన విలువలని వాదించాడు. ఫలితమే ప్రమాణమన్న చట్రాన్ని నిలుపుకొని, ఆ ఫలితంలో ఏముండాలన్న దానిని విస్తరించిన ఈ దృష్టికి ఆదర్శ ఉపయోగితావాదమని పేరు. బెంథామ్ ఒకటి చేసిన హితసుఖాలు ఇక్కడ మళ్లీ వేరుపడ్డాయి.

7. చర్య - నియమం

20వ శతాబ్ది మధ్యలో చర్చ రెండో ప్రశ్నకు మళ్లింది: లెక్కను ప్రతి చర్యకూ విడివిడిగా వర్తింపజేయాలా, చర్యలను నడిపే నియమాలకు వర్తింపజేయాలా? ఒక అబద్ధం ఒక సందర్భంలో మేలు చేయవచ్చు. అబద్ధమాడవచ్చునన్న నియమం లోకంలో ఉంటే మేలు జరగదు. మొదటి దృష్టి చర్యా ఉపయోగితావాదం, రెండోది నియమ ఉపయోగితావాదం. 1953లో జె.ఒ. అర్మ్‌సన్ మిల్‌ను నియమవాదిగా వ్యాఖ్యానించాడు. 1955లో జాన్ రాల్స్ ఒక వ్యవస్థను సమర్థించడం వేరు, ఆ వ్యవస్థ లోపలి చర్యను సమర్థించడం వేరు అని విడదీశాడు. ఈ రెండు రూపాలకు నేడు వాడుకలో ఉన్న పేర్లను 1959లో రిచర్డ్ బ్రాంట్ ప్రవేశపెట్టాడు.

ఈ విభజన సుఖంగా సాగలేదు. మేలు జరగదని తెలిసిన సందర్భంలో కూడా నియమాన్ని పట్టుకుని వేలాడడం నియమారాధన తప్ప మరొకటి కాదని జె.జె.సి. స్మార్ట్ 1956లో ఆక్షేపించాడు. మినహాయింపులన్నిటినీ చేర్చుకుంటూ పోతే నియమవాదం చివరకు చర్యావాదంలోనే కలిసిపోతుందని 1965లో డేవిడ్ లైయన్స్ నిరూపించే ప్రయత్నం చేశాడు. 1981లో ఆర్.ఎం. హేర్ రెండింటినీ రెండు అంతస్తులుగా అమర్చాడు: నిత్యజీవితంలో అలవడిన నియమాలతో నడవాలి; నియమాలు పరస్పరం ఘర్షించినప్పుడు, వాటిని ఎంపిక చేసుకునేటప్పుడు లెక్కకు దిగాలి.

8. దుఃఖనివారణ, అభీష్టం

1945లో కార్ల్ పాపర్ సుఖాన్ని పెంచడం కంటే దుఃఖాన్ని తగ్గించడం నైతికంగా అత్యవసరమని సూచించాడు. ఇది రుణాత్మక ఉపయోగితావాదంగా ప్రసిద్ధి పొందింది. దుఃఖనివారణ ఒక్కటే లక్ష్యమైతే లోకాన్ని బాధలేకుండా అంతం చేయడమే ఉత్తమ కార్యం కావాలి కదా అని 1958లో ఆర్.ఎన్. స్మార్ట్ దానికి చిక్కుముడి వేశాడు.

సుఖాన్ని కొలవడం అసాధ్యమన్న ఆక్షేపణకు సమాధానంగా పుట్టినది అభీష్ట ఉపయోగితావాదం. మనిషి ఏమి అనుభవిస్తున్నాడన్నది కాక, ఏమి కోరుకుంటున్నాడన్నది ఇక్కడ ప్రమాణం. ఆర్థికశాస్త్రంలో జాన్ హార్సాన్యీ, నీతిశాస్త్రంలో హేర్, ఆయన శిష్యుడు పీటర్ సింగర్ ఈ రూపాన్ని పెంపొందించారు. 1971 నాటి తూర్పు బెంగాల్ శరణార్థుల దుస్థితి నేపథ్యంగా సింగర్ 1972లో ప్రచురించిన వ్యాసం, కళ్లెదుట కుంటలో మునిగిపోతున్న బిడ్డకూ దూరదేశంలో ఆకలితో ఉన్న బిడ్డకూ మన బాధ్యతలో భేదం లేదని వాదించింది.

కోరికను కొలతగా తీసుకోవడంలోని లోపాన్ని అమర్త్యసేన్ ఎత్తిచూపాడు. తరతరాల లేమిలో ఉన్న మనిషి తన కోరికలను తన స్థితికి తగినట్టు కుదించుకుంటాడు; దొరికిన కొద్దిపాటికే తృప్తి చెందుతాడు. అతని తృప్తిని లెక్కలో వేసుకుంటే అతనికి జరిగిన అన్యాయం కనిపించకుండా పోతుంది. 1979 నాటి ఉపన్యాసంలో సేన్ ప్రతిపాదించిన సామర్థ్య దృక్పథానికి ఈ విమర్శ ఒక పునాది. మిల్ 1869లో స్త్రీల విషయంలో గుర్తించిన సత్యం ఇక్కడ సార్వత్రిక రూపం పొందింది.

9. ధాత కరువు: ఒకే పద్ధతి, రెండు చిట్టాలు

పైన వివరించిన రూపాలన్నీ మొదటి రెండు ప్రశ్నల చుట్టూ తిరిగినవే. మూడో ప్రశ్న తీవ్రతను తెలుసుకోవడానికి మద్రాసు ప్రెసిడెన్సీ చరిత్రలోకి రావాలి.

ధాత నామ సంవత్సరంలో, అంటే 1876-77లో, వానలు లేక మొదలైన కరువు 1878 వరకు సాగింది. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలు అతి తీవ్రంగా దెబ్బతిన్నాయి. 1800-1807 మధ్య థామస్ మన్రో దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా రైతువారీ పద్ధతిని అమలు చేసిన నేల అదే. 1877లో వైస్రాయ్ లిట్టన్ ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసుకు వచ్చాడు. 1873-74 బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి మరణాలను దాదాపుగా నివారించినవాడు ఆయనే. అందుకు ప్రశంసకు బదులు దుబారా చేశాడన్న నింద మోశాడు. మద్రాసులో ఆయన పొదుపు పాటించాడు. సహాయ పనులలో కాయకష్టం చేసే పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా కూలి చాలునని నిర్ణయించాడు. స్త్రీలకు, పనిచేసే పిల్లలకు అంతకంటే తక్కువ. ఈ 'టెంపుల్ కూలి'ని మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనరు, వైద్యుడు విలియం కార్నిష్ తీవ్రంగా వ్యతిరేకించాడు. శ్రమించే శరీరం నిలబడాలంటే కనీసం ఒకటిన్నర పౌన్ల ధాన్యం, దానితోపాటు పప్పు, కూరలు వంటివి అవసరమని వాదించాడు. 1877లో మద్రాసు ప్రభుత్వం కూలిని కొంత పెంచింది.

టెంపుల్ నిర్ణయం ఉపయోగితావాదం పేరుతో జరిగినది కాదు. ఖజానా ఒత్తిడి, ధాన్యపు వర్తకంలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదన్న ఆర్థిక విశ్వాసం దాని వెనుక ఉన్నాయి. మన్రో కూడా బెంథామ్ అనుయాయి కాడు. అయినా ఈ వివాదం ఉపయోగితావాద చరిత్రకు పాఠం చెబుతుంది. టెంపుల్, కార్నిష్ ఇద్దరూ ఫలితాన్నే ప్రమాణంగా తీసుకున్నారు, ఇద్దరూ అంకెలతోనే వాదించారు. ఒకరి చిట్టాలో మొదటి పద్దు ఖర్చు, మరొకరి చిట్టాలో మొదటి పద్దు శరీరం. పద్ధతి ఒక్కటే అయినా చిట్టా మారగానే నీతి మారింది. అంతకంటే ముఖ్యమైన సంగతి, రాళ్లు కొట్టే కూలివాని మాట ఆ రెండు చిట్టాలలోనూ లేదు. అతని పక్షాన వాదించినవాడు సైతం అతని శరీరావసరం గురించి మాట్లాడాడు గాని అతనిని అడగలేదు. ఒక పౌను చాలునా చాలదా అన్నది తెలిసినవాడు ఆ ధాన్యం తిని పనికి వెళ్లినవాడే.

కార్నిష్ చేసినది తక్కువ పని కాదు. లోపలి నుంచి లెక్కను లెక్కతో ఎదిరించడం ఆ వ్యవస్థలో సాధ్యమైన ప్రతిఘటన. అయితే లెక్కించేవాడు మంచివాడు కావడం మీద ఆకలిగొన్నవాని ప్రాణం ఆధారపడి ఉండడమే ఆ వ్యవస్థలోని లోపం.

10. కన్యాశుల్కం: జాబితా, నాటకం

లెక్క అధికారికి ఆయుధమైనట్టే సంస్కర్తకూ ఆయుధం కాగలదు. 1886లో తత్త్వశాస్త్రం ప్రధానాంశంగా బి.ఎ. పూర్తిచేసిన గురజాడ అప్పారావు, 1897లో వెలువడిన 'కన్యాశుల్కం' తొలి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఒక జాబితాను ప్రస్తావించాడు. విజయనగరం మహారాజు ఆదేశం మేరకు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలానికి తయారైన ఆ జాబితాలో నమోదైన బ్రాహ్మణ శుల్కవివాహాలు 1034. ఏడాదికి సగటున 344. పెళ్లికూతుళ్లలో 99 మంది అయిదేళ్లవారు, 44 మంది నాలుగేళ్లవారు, 36 మంది మూడేళ్లవారు, ఆరుగురు రెండేళ్లవారు, ముగ్గురు ఏడాది వయసువారు. ఆచారాన్ని శాస్త్రప్రమాణంతో ఎదుర్కోవడం కందుకూరి వీరేశలింగం కాలానికే ఉన్న మార్గం. గురజాడ పీఠికలో దాని పక్కన గణాంకం వచ్చి నిలిచింది. ఎంతమంది, ఎంత వయసు అన్న అంకె చాలు, వ్యాఖ్య అక్కరలేదు. ఇది బెంథామ్ ఏడు అంశాలలోని 'వ్యాప్తి'ని నైతిక వాదంగా మలచిన సందర్భం. గురజాడ ఆ సిద్ధాంతాన్ని అనుసరించాడని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు; ఆ యుగపు ఆలోచనలో లెక్కకు వచ్చిన కొత్త విలువను ఆ పీఠిక చూపుతుందన్నంత వరకే ఈ పోలిక.

అయితే గురజాడ జాబితాతో ఆగలేదు, నాటకం రాశాడు. 1909 నాటి రెండో కూర్పులో చర్య - నియమం అన్న ద్వంద్వం పాత్రలుగా కనిపిస్తుంది. సుబ్బిని లుబ్ధావధాన్లు పాలు కాకుండా కాపాడడానికి కరటకశాస్త్రి శిష్యునికి ఆడవేషం వేసి పెళ్లి నాటకమాడతాడు. మధురవాణి అందుకు తోడ్పడుతుంది. ఇది ఫలితం కోసం చేసిన మోసం. ఒక బిడ్డ బతుకు నిలబడింది. కానీ ఆ మోసం అక్కడితో ఆగక, లుబ్ధావధాన్లు మీద హత్యానేరం మోపే దాకా పోయింది. లెక్కలోకి రాని పర్యవసానం అది. మరొకవైపు సౌజన్యారావు పంతులు నియమవాది. వేశ్యను చూడరాదు, మాట్లాడరాదు అన్నది ఆయన నియమం. ఆ నియమాన్నే పట్టుకుని ఉంటే సత్యం ఆయన గుమ్మం దాటి లోపలికి రాదు. మధురవాణి మారువేషంలో వచ్చి ఆ సత్యాన్ని అందించవలసి వచ్చింది.

గిరీశం పాత్ర మరొక హెచ్చరిక. విధవా వివాహం వల్ల కలిగే మేళ్లను అనర్గళంగా చెప్పగలవాడు అతడే. వాదంలో దోషం లేదు, వాదించేవాని ఉద్దేశంలో ఉంది. ఫలితాల గురించి మాట్లాడే భాష స్వార్థానికి ఎంత సులభంగా ముసుగు కాగలదో గిరీశం నోట వింటాం. ఇక సుబ్బి. ఆమె పెళ్లి గురించి తండ్రి, తల్లి, మేనమామ, అన్న అందరూ ఏదో ఒక పక్షం పడతారు. ఆమె మాత్రం రంగానికి అంచునే ఉండిపోతుంది. 1034 పెళ్లిళ్ల జాబితాలోని ఏ ఆడబిడ్డ మాటా మనకు వినిపించనట్టే, ఎవరి కోసం ఇంత కథ నడిచిందో ఆమె మాటా వినిపించదు. జాబితా సంఖ్యను చూపింది. ఆ సంఖ్య వెనుక ఉన్న మౌనాన్ని నాటకం చూపింది.

11. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ణయాలు చేయవచ్చు. పరిమాణాత్మక, గుణాత్మక, ఆదర్శ, రుణాత్మక, అభీష్ట రూపాలు 'దేనిని లెక్కించాలి' అన్న ప్రశ్నకు వచ్చిన భిన్న సమాధానాలు. చర్యా, నియమ రూపాలు 'లెక్కను దేనికి వర్తింపజేయాలి' అన్న ప్రశ్నకు సమాధానాలు. ప్రతి రూపమూ ముందున్న రూపంలోని లోపం నుంచి పుట్టినది కనుక, వీటిని పరస్పరం పోటీపడే మతాలుగా కంటే ఒకే సిద్ధాంతం చేసుకున్న ఆత్మవిమర్శలోని దశలుగా చూడడం సముచితం.

'లెక్కించేది ఎవరు' అన్న మూడో ప్రశ్న మాత్రం బెంథామ్ శాసనకర్తలో, మిల్ చెప్పిన అర్హుడైన న్యాయనిర్ణేతలో, సిడ్జ్‌విక్ రహస్యనీతిలో ఒక ఊహగా నిలిచిపోయింది. వలస పాలనలో ఆ ఊహ ఆచరణగా మారింది. ధాత కరువులో ఒక పౌను ధాన్యంపై జరిగిన వివాదం ఆ ఆచరణకు సాక్ష్యం. ఇంత మాత్రాన లెక్కను తోసిపుచ్చనక్కరలేదు. కార్నిష్‌కు గానీ, విజయనగరం జాబితాను ముందుంచిన గురజాడకు గానీ లెక్కే బలమిచ్చింది. లెక్క లేని చోట దుఃఖం దుఃఖంగానే నమోదు కాదు.

కావలసినది లెక్కతోపాటు, లెక్కలోకి వచ్చేవారి మాట. హితాన్ని సుఖం నుంచి వేరుచేసిన భాషా సంప్రదాయం మనకున్నది గాని, ఎవరి హితాన్ని ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్నను ఆ సంప్రదాయం కూడా అంతగా అడగలేదు. ఉపయోగితావాదాన్ని తెలుగులో బోధించేటప్పుడు, చర్చించేటప్పుడు పాత నినాదం దగ్గర ఆగకుండా ఈ ప్రశ్న దాకా రావడం అవసరం. సంక్షేమ పథకాలకు అర్హుల జాబితాలు, ప్రాజెక్టుల కింద నిర్వాసితుల జాబితాలు తయారవుతున్న కాలంలో అది పాఠ్యాంశం మాత్రమే కాదు.